పక్కు

పొద్దున లేస్తూనే వాడి మోకాలు చూస్తాను.
మొన్న పాలిష్ ఫ్యాక్టరీ గోడ పక్కన
బండముక్కల మీద పడినాడు కుళ్ళాయప్ప.
ఐదేండ్లోడు, పడడా ఏంది, అంటారు మీరు.
మీకేం తెలుసు.

నా పెద్దోడు పదకొండు నెలలే.
భుజానికేసిన టీకా మానలేదు,
చంకలో నిమ్మకాయంత గడ్డ.
పీర్ల చావిడి కాడ ఊదు పట్టినాం,
అనంతపురం పెద్దాసుపత్రిలో సూదులేయించినాం.
ఆ జబ్బుకొక పేరుందని తెలియకముందే
పెన్న ఒడ్డు మట్టికిచ్చి వచ్చినాం.

గూగూడుకు మొక్కుకుని కన్న రెండోవాడికీ
అదే చంకలో అదే గడ్డ లేస్తే
వేలూరులో ఒక డాక్టరమ్మ
చీటీ వెనక గీతలు గీసింది.
ఇది నువ్వు, ఇది మీ ఆయన,
పైకి పోతే ఇద్దరికీ ఒకే తాత.
మీ ఇద్దరిలో చెరొక సగం తప్పు,
రెండు సగాలూ ఈ బిడ్డలో కలిసినాయి అంది.

"బయటోళ్లెందుకు, మన రక్తం మనలోనే ఉండాల"
అని నా పెండ్లికి పట్టుబట్టిన అవ్వ
ఆ చీటీని తిప్పి తిప్పి చూసింది.
చదువు రాదు ఆమెకు.
ఆ రాత్రి కూడు ముట్టలేదు.

ఒంట్లో కాపలా ఉందంట వాడికి.
పురుగు దూరితే ఉరుకుతుందంట,
చుట్టూ మూగుతుందంట,
చేతిలో కట్టె మాత్రం లేదంట.
నాకు శనక్కాయ చేను గుర్తొచ్చింది.
అడివిపందులు మేస్తాంటే
కొట్టను డబ్బా కూడా లేక
తెల్లార్లూ చూస్తా నిలబడిన మనిషి.

అప్పట్నుంచి మా గడప లోపలికి శనక్కాయ రాలేదు,
పొట్టులో బూజుంటాదని.
ఆయన పని నుంచి వస్తే వాకిట్లోనే నీళ్లు పోసుకుంటాడు,
బండ కోసిన బురద పిక్కల దాకా ఎండిపోయుంటాది.
నాయన్ను ముట్టుకోను లేక
పిల్లోడు కిటికీ ఊచలు పట్టుకుని చూస్తాండె.

యూనియనోళ్లు బస్టాండులో డబ్బా పట్టినారు.
ఎవరో అందులో గుప్పెడు శనక్కాయలేసినారు.
నవ్వాల్నో ఏడవాల్నో తెలీలేదు.

దిల్షాద్‌ది సరిపోయింది.
తొమ్మిదేండ్లు. ఆ పిల్లలోనూ సగం తప్పుందంట,
మంచి సగం చాలన్నారు.
నడుమెముకలోంచి మూలుగ తీస్తామన్నారు.
మూలుగంటే మాకు తెలిసిందొకటే,
పండగనాడు నల్లి ఎముకను గిన్నె అంచుకు కొట్టి
పిల్లల నోట్లో వేసేది.
"తీస్తే నేను పొట్టిగైపోతానా?" అనడిగింది, అంతే.
రెండు రోజులు బోర్లా పడుకుంది.
మూలుగ ఇచ్చింది, మూలుగు వినపడనీలేదు
అని అందరికీ చెప్తాను.
అబద్ధం. రాత్రి ఒక్కసారి విన్నా,
నిద్రపోయినట్టు పడుకున్నా.

వాడి పాతదంతా మందులతో ఊడ్చేసినాక
అక్కది సంచిలో వచ్చింది.
చుక్క, చుక్క, నాలుగు గంటలు.
"ఇంతేనా?" అన్నాడు ఆయన.

పదిహేడో రోజు నర్సు పరిగెత్తుకొచ్చి
"కణాలు ఐదువందలు దాటినాయి" అంది.
ఆయన రోజుకూలీ అంత.
అంత చిన్న లెక్కకు
గోడకానుకుని ఏడ్చిన మగమనిషిని
అప్పుడే చూసినా.

ఏడాదైంది.
వాడి బీ పాజిటివ్ పోయి అక్క ఓ పాజిటివ్ వచ్చింది.
వేయించిన శనక్కాయలు మొదటిసారి నాలుగు తిన్నాడు,
ఐదోది నేను లాక్కున్నా.
కొట్లాటొస్తే దిల్షాద్ అంటాది,
"నా రక్తం పెట్టుకుని నన్నే కొరుకుతావా?"
అవ్వ వక్కాకు నములుతా నవ్వుతాది,
"చెప్తి కదప్పా, మన రక్తం మనలోనే..."
సగంలో ఆపేస్తాది.

ఈపొద్దుకు మూడో దినం.
ఎరుపు పాకలేదు, చీము పట్టలేదు.
రూపాయి బిళ్లంత పక్కు కట్టింది,
నల్లగా, గరుగ్గా,
పాలిష్ పట్టకముందు మా ఊరి బండ మాదిరి.
వాడు గోటితో గీకుతాడు.
గీకొద్దురా అంటాను.
అంటానే దగ్గరికి జరిగి
నేనూ ఒకసారి వేలితో తడుముతాను.